సగం మూత

ఒక మాట ముందే ఒప్పేసుకుంటాను. నాకు అనుమానపు మనుషులంటే భలే ఇష్టం. నమ్మేవాళ్ళు నమ్మేసి హాయిగా కాళ్ళు చాపుకుంటారు, వాళ్ళ గురించి రాయడానికి ఏముంటుంది? అనుమానించేవాళ్ళే ఒక్క నీటి చుక్కను పట్టుకుని చుట్టాలందరి చరిత్రా తవ్విపోస్తారు. అందుకే ఈ మధ్యాహ్నం మిమ్మల్ని ఒక పాత ఇంటి నేలమాళిగలోకి తీసుకెళ్తున్నాను. మెట్ల మీద, మోకాళ్ళకు గడ్డం ఆనించుకుని, ప్యాంటు పైకి మడుచుకుని కూర్చుందే, ఆమెను ఇంట్లో అందరూ డౌటమ్మ అంటారు. ఆఫీసులో కూడా ఆమె పని అదే. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. అక్కడ జీతమిచ్చి అనుమానించమంటారు. ఇంట్లో ఊరికే చేస్తుంది.

మోటారు గుడగుడమంటోంది. అద్దెకు తెచ్చిన మోటారు. గొంతులో ఏదో అడ్డుపడ్డ ముసలాయనలా ఉండుండి ఆగి, అయ్యో పోయిందా అనుకునేలోపు దగ్గి మళ్ళీ అందుకుంటోంది. దాని పైపు మెట్లెక్కి, గోడకున్న చిన్న కిటికీలోంచి దూరి, వీధి కాలవలోకి నీళ్ళు కక్కుతోంది. పొద్దున మోకాళ్ళ దాకా ఉన్నవి ఇప్పుడు చీలమండల దాకా దిగాయి. దిగనీ. పాత నీళ్ళు పోతేనే కదా కొత్త నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో తెలిసేది, ఏ రంగులో వస్తున్నాయో తెలిసేది. నీలం రావాలి. నీలం వస్తే దొంగ దొరికినట్టే. నీలం వస్తే ఇల్లు నిలుస్తుంది. నీలం వస్తే గోడ అవతలి అక్క మొహం మళ్ళీ ఎలా చూడాలో, అది తర్వాత. ముందు నీలం రానీ.

వాన పడి ఎన్నాళ్ళయిందో, ఆకాశం మీద నేరం మోపడానికి లేదు. పైన ట్యాంకు చూసింది, కారడం లేదు. వీధి పైపు చూసింది, పొడిగా ఉంది. పెరట్లో కుళాయి ఎవరైనా తిప్పి వదిలేస్తున్నారేమోనని దాని పిడికి తన తల వెంట్రుక ఒకటి చుట్టింది. పొద్దున్నే చూస్తే వెంట్రుక లేదు. గాలికి పోయిందా, చేతికి పోయిందా? మొగుడు కాఫీ కప్పుతో వచ్చి "ఏంటి, కుళాయితో కబుర్లా?" అన్నాడు. కుళాయి దగ్గరికి అంత పొద్దున్నే ఇతనికేం పని? పోనీ గాలే అనుకుంటే, ఆ గాలి ఎటునుంచి వీచిందో ఆలోచిస్తూ నిలబడింది. గోడ అవతలి నుంచే వీచింది. ఈ ఇంట్లో ఏదైనా గోడ అవతలి నుంచే వస్తుంది. వంగి నీళ్ళను వాసన కూడా చూసింది. సబ్బు వాసన. మనింటి సబ్బా, వాళ్ళింటి సబ్బా? రెండిళ్ళలోనూ ఒకే సబ్బు, అదొకటి. మామగారు వాడిన సబ్బునే కొడుకులిద్దరూ వాడతారు. మాటలు మానేశారు కానీ సబ్బు మార్చలేదు.

ఆ గోడ ఇప్పుడు ఎదురుగా ఉంది. మామగారు పోయిన తర్వాత అన్నదమ్ములు కట్టించిన గోడ. మేడ మీద మొదలై, వసారాను కోసి, వంటగదిని కోసి, మెట్లు దిగి ఈ నేలమాళిగ అడుగు దాకా వచ్చి ఆగింది. కట్టేరోజు ఆమె చూసింది. బావగారు టేపు ఆ చివర పట్టుకుంటే మొగుడు ఈ చివర పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య టేపు వీణ తీగలా బిగుసుకుంది. "నీవైపు వదులుగా పట్టుకున్నావ్ రా" అని ఆయన, "నీ బొటనవేలు మందం నాకు కలపాలి" అని ఇతను. మేస్త్రీ మధ్యలో ఏదో అడగబోతే ఇద్దరూ ఒకేసారి "గీత మీదే కట్టు, ఇటూ అటూ జరపొద్దు" అని అరిచారు. ఆరోజంతటికీ వాళ్ళిద్దరూ ఏకమై అన్న మాట అదొక్కటే. మేస్త్రీ ఏం అడగబోయాడో ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. ఆ సమయంలో ఆమె చదరంగం గురించి ఆలోచిస్తోంది. అన్నదమ్ములు చిన్నప్పుడు ఆడుకున్న చదరంగం పంపకాల్లో బల్ల ఇటు వచ్చింది, పావులు అటు వెళ్ళాయి. ఎవరికీ పనికిరాకుండా ఇంత సమానంగా ఎలా పంచారా అని ఆశ్చర్యం. ఆ బల్ల ఇప్పుడు చివరి మెట్టు పక్కన ఉబ్బిపోయి తేలుతోంది. నల్లగడులు రంగు వెలిసి తెల్లగడులు అయ్యాయి.

మోటారు ఆగింది. మళ్ళీ అందుకుంది.

నిన్న మొగుడు అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు. రేపు సాయంత్రం బిల్డర్ వస్తాడు, రెండు వైపులా కలిపి తీసుకుంటాడట, పడగొట్టి పెద్దది కడతాడట, అన్నయ్య అప్పుడే సరే అన్నాడట. ఇన్ని అటల మధ్య ఆమెకు ముద్ద దిగలేదు. "మరి మనం?" అంటే, "నీళ్ళు వాళ్ళవైపు నుంచే వస్తున్నాయని నువ్వు చూపించు, మెడలు వంచి బాగు చేయిస్తా, ఇల్లు ఉంచుకుందాం. చూపించలేకపోతే ఇంక నన్ను అడగకు. మునిగే ఇంట్లో నేనుండలేను" అన్నాడు. తల ఎందుకు ఎత్తలేదు? అబద్ధం చెప్పేటప్పుడు ఎత్తడు, బాధపడేటప్పుడూ ఎత్తడు, రెండింటికీ ఒకే మొహం పెట్టుకుంటే పెళ్ళాం ఎలా కనిపెట్టాలి? బిల్డర్‌కు ఇతను ముందే మాటిచ్చేశాడా? పోయిన నెల ఆ బిల్డర్ కొలతలకని వచ్చినప్పుడు అన్ని గదులూ పైపైన చూసి, నేలమాళిగ దగ్గర మాత్రం మెట్ల మీద నిలబడి "తడి ఏమైనా వస్తుంటుందామ్మా?" అని అడిగాడు. అప్పటికి రాలేదు. ఆ తర్వాతే వచ్చింది. అడిగాక వచ్చిందా, అడిగినందుకు వచ్చిందా? ఆఫీసులో అయితే దీన్ని ఎర్ర గుర్తు పెట్టి పక్కన ఉంచుతుంది. ఇక్కడ గుర్తు పెట్టడానికి బుర్ర తప్ప ఏమీ లేదు, అందులో చోటు లేదు.

ఇల్లు పోకూడదు. చిన్నప్పటి నుంచీ అద్దె ఇళ్ళే. గోడకు మేకు కొట్టకూడదు, కొడితే ఓనరు ఊరుకోడు. క్యాలెండర్ కూడా కుర్చీ వెనక వేలాడేది. నాన్న ప్రతి ఇంట్లోనూ అద్దం నేల మీదే గోడకు ఆనించి పెట్టేవాడు, ఆమె చిన్నతనమంతా అద్దంలో తన మోకాళ్ళే చూసుకుంది. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన వారానికి, అప్పటికింకా గోడ లేదు, ఒక మేకు, సుత్తి పట్టుకుని ఎవరిని అడగాలా అని వసారాలో తిరుగుతుంటే అక్క, అంటే తోడికోడలు, వచ్చి చేతిలోంచి సుత్తి లాక్కుని ఠపీమని గోడకు దిగ్గొట్టింది. "అడగడమేంటే పిచ్చిమొహమా, ఇది నీ ఇల్లు. ఇంకో నాలుగు కొట్టనా?" అంది. బళ్ళో డ్రాయింగ్ టీచరు. ఎప్పుడు చూసినా గోళ్ళలో ఏదో ఒక రంగు. ఆ మేకు చుట్టూ కూడా ఎర్రటి వేలిముద్ర పడింది, ఇప్పటికీ ఉంది. అప్పట్లో ఆమెను నువ్వు అనేది. గోడ లేచాక ఇద్దరి మధ్యా ఎందుకో మీరు వచ్చి కూర్చుంది. ఎవరు ముందు అన్నారు మీరు అని? తనే అనుకుంటా. కాదు, అక్కే. అక్కే అయ్యుండాలి.

అదే అక్క ఈరోజు పొద్దున తలుపు తట్టింది. "మా బేసిన్‌లో నీళ్ళు సరిగ్గా పోవట్లేదమ్మా, మొహం కడుక్కుని వెళ్తాను" అంది. కడుక్కోండి అంది ఈమె. ఆవిడ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి పారుతోంది, పారుతోంది, ఏనుగు మొహం కడిగినా అంతసేపు పట్టదు. తలుపు బయట నిలబడి వింది, విననట్టు తువ్వాలు మడతపెడుతూ వింది. బయటికొచ్చాక చూస్తే మొహం పొడిగా ఉంది. కనుబొమల మీద పౌడరు కూడా చెదరలేదు. పైగా ఆవిడ పైజామా అంచులు మాత్రం పిక్కల దాకా తడి. మొహం కడుక్కోవడానికి వచ్చి మొహం కడుక్కోలేదు, కడుక్కోని కాళ్ళు తడిశాయి. దీన్నేమంటారు? ఆరా తీయడానికి రావడం అంటారు. బావగారు పంపుంటారు, తమ్ముడి వాళ్ళ నేలమాళిగలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి రా అని. ఆ అంచులు తడిశాయంటే అప్పుడే వాళ్ళవైపు నేలమాళిగలో దిగి ఏదో తిప్పి వచ్చిందన్నమాట. ఏం తిప్పింది? "ఒళ్ళంతా నొప్పులమ్మా, నడుం విరిగిపోతోంది" అంటూ వెళ్ళింది. ఏం పనిచేస్తే నడుం విరుగుతుంది, డ్రాయింగ్ టీచరుకి?

అప్పుడే నిర్ణయించుకుంది. ఆఫీసులో ఎక్కడో వేసిన మాట ఎక్కడో తేలితే, మధ్యలో ఎన్ని చేతులు మారిందో తెలియనప్పుడు, మొదట్లోనే దానికొక గుర్తు తగిలించి వదులుతారు. తర్వాత ఎక్కడ తేలినా, ఇదిగో ఇది మనం వదిలిందే అని పట్టుకోవచ్చు. నీళ్ళకు తగిలించే గుర్తు రంగు. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు పొట్లం జేబులో వేసుకుని, ఎప్పటిదో అక్క గిన్నె ఒకటి వెతికి పట్టుకుని, గిన్నె ఇచ్చే మిషతో వాళ్ళింటికి వెళ్ళింది. "చేతులు జిడ్డుగా ఉన్నాయి, కడుక్కుంటాను" అని బేసిన్ దగ్గరికెళ్ళి పొట్లం విప్పి, సగం పొడి కలిపేసి కుళాయి వదిలింది. నీలం సుడి తిరుగుతూ ఎంతకీ దిగలేదు. నిజంగానే సరిగ్గా పోవట్లేదు, ఆ ఒక్కటీ అక్క అబద్ధం చెప్పలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క. చూసిందా? "గిన్నె కోసం ఇంత దూరం వచ్చారా?" అంది. ఇంత దూరం అంటే గోడ మందం. మాటలో ఏదో ఉంది. చూసే ఉంటుంది. చూసి ఉంటే ఎందుకు అడగలేదు? చూడలేదేమో. చూడకపోతే ఆ నవ్వేంటి? పెదాలు మూసుకుని, కళ్ళు మాత్రం తన జేబు మీద పెట్టి నవ్విన ఆ నవ్వు?

మోటారు గట్టిగా గుటకేసి గాలి పీల్చింది. నీళ్ళు అయిపోయాయి. లేచి స్విచ్చి ఆపింది. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దానికి చెవులు గింగురుమన్నాయి. ఫోన్ టార్చి వేసి చూసింది. బురద పట్టిన నేల, మూలన తుప్పుపట్టిన ట్రంకు పెట్టె, ఒక కాలు లేని స్టూలు, ఎవరిదో ఎడమకాలి చెప్పు. గోడ మొదట్లో, నేల మీద, నల్లగా ఏదో వంపు. ముందు పామనుకుని కాలు వెనక్కి తీసుకుంది. తర్వాత, ఎవరో ఏదో దాచిపెట్టారనుకుంది. దగ్గరికెళ్ళి కాలితో బురద తోస్తే ఇనుము. గుండ్రటి ఇనుప మూత. గుండ్రం కాదు, సగం గుండ్రం. తక్కిన సగం గోడ కింద నుంచి అటు వెళ్ళిపోయింది. పాత ఇంటి మురుగు అంతా కలిసే చాంబరు మూత. దాని నడినెత్తి మీద, పాపిడి తీసినట్టు, గోడ కట్టేశారు.

గీత మీదే కట్టు. ఇటూ అటూ జరపొద్దు. మేస్త్రీ అడగబోయింది ఇదేనా?

ఇంకా ఆ ఆలోచన పూర్తి కాలేదు, మూత అంచు వెంట నీళ్ళు ఊరడం మొదలుపెట్టాయి. చెమట పట్టినట్టు ముందు చిన్న చిన్న బొట్లు, అవి కలిసి సన్నటి గీత, గీత తెగి బురదలోకి పాయ. వచ్చేసింది. వంగింది. టార్చి దగ్గరగా పెట్టింది. నీలం కాదు. ఆకుపచ్చ. చిలకపచ్చ కూడా కాదు, బళ్ళో పిల్లలు చెట్టు బొమ్మకు వేసే పచ్చ. ఇదెక్కడి పచ్చ? నాచా? నాచు ఇంత మెరవదు. నీలిమందు పాతదై రంగు మారిందా? జేబులో మిగిలిన పొడిలోంచి చిటికెడు తీసి, మెట్టు మీదున్న మగ్గులోని మంచినీళ్ళలో కలిపింది. నీలం. పక్కా నీలం. అంటే తను వదిలింది నీలమే. తను వదిలిన నీలంలో, దారిలో, ఇంకెవరో పసుపుపచ్చ కలిపారు. ఎవరు? ఇంట్లో కుళాయి అంతసేపు పారింది. మొహం పొడిగా ఉంది. చేతులు? తలుపు తీసి వచ్చినప్పుడు చున్నీ సర్దుకుంటున్న చేతులు. గోళ్ళు. గోళ్ళలో పసుపుపచ్చ. చూసింది తను, చూసి కూడా, ఎప్పుడూ ఉండేదే కదా అని వదిలేసింది. మొహం, అంచులు, నడుం నొప్పి, పౌడరు అన్నీ అనుమానించి, గోళ్ళ దగ్గర పప్పులో కాలేసింది. అక్క ఈ ఇంటి బేసిన్‌లో రంగు పోసి వెళ్ళింది. తన నీళ్ళకు గుర్తు పెట్టి వెళ్ళింది.

నన్నా?

ముందొచ్చింది కోపమే. నన్ను అనుమానిస్తుందా? నేనేం చేశాను? నా ఇంట్లోకి వచ్చి, నా బేసిన్‌లో, ఛీ, ఎంత నటన, మొహం కడుక్కుంటానట. ఎన్నాళ్ళ నుంచి అనుమానిస్తోంది? మేకు కొట్టినప్పటి నుంచా? కోపం గొంతు దాకా వచ్చి, అక్కడ జేబులోని సగం పొట్లం గుర్తొచ్చి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. అప్పుడు వినిపించింది. మోటారు రొదలో ఇంతసేపూ వినపడని చప్పుడు. గోడ అవతల, నేల మట్టాన, మగ్గుతో నీళ్ళు తోడి బకెట్‌లో పోస్తున్న చప్పుడు. తోడటం, పోయటం, ఒక మూలుగు, "అమ్మా నా నడుము." మళ్ళీ తోడటం. ఆ తర్వాత తోడటం ఆగింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ఇదేంటి, పచ్చగా వస్తోంది?"

డౌటమ్మ గోడకు చెవి ఆనించింది. చల్లగా ఉంది, సున్నం చెంపకు అంటుకుంది. మాట్లాడాలా వద్దా? మాట్లాడితే తను ఇక్కడున్నట్టు తెలుస్తుంది. తెలిస్తే? తెలిసినా తనకు తెలిసిందీ అక్కకు తెలిసిందీ ఒకటే అవుతుంది. చిన్నప్పటి అద్దె ఇళ్ళలో పక్క వాటా వాళ్ళ మాటలు ఇలాగే వినేది, ఒక్కసారి కూడా ఇటునుంచి పలకలేదు.

"అక్కా. నీలం నాది."

అవతల మగ్గు బకెట్‌లో పడిన చప్పుడు. "దొంగమొహందానా," అంది గోడ. "జేబు ఉబ్బెత్తుగా ఉంటే అనుకున్నాను. మరి పసుపుపచ్చ నాది."

"గోళ్ళు చూశాను."

"ఇప్పుడా చూసేది? ఊరంతా డౌటమ్మ డౌటమ్మ అంటే ఏమో అనుకున్నా."

"మీకు కూడా నీళ్ళు వస్తున్నాయని చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పారా? మీ బావగారు నోరెత్తొద్దన్నారు. వాళ్ళే వదులుతున్నారు, చూపించు, చూపించలేకపోతే అమ్మేస్తాను, వాడు ఎలాగూ సరేనన్నాడు అన్నారు."

"ఎవరు సరేనన్నారు?"

"మీ ఆయన."

"మా ఆయనెక్కడన్నాడు? బావగారు సరేనన్నారని కదా మా ఆయన..." ఆగింది. మూత అంచున పచ్చనీళ్ళు బుడబుడమన్నాయి. "అక్కా, మీ ఆయనకి ఆ మాట ఎవరు చెప్పారు?"

"బిల్డర్."

ఆ బిల్డర్ మీద వేసిన ఎర్ర గుర్తు ఒక్కటే ఈ మొత్తంలో సరైన చోట పడిందని ఆమెకు తోచింది. సంతోషించాలో వద్దో తెలియలేదు. ఎందుకంటే నీళ్ళు వదిలింది మాత్రం అతను కాదు. నీళ్ళు వదిలింది ఎవరూ కాదు. ఇటు అంట్ల నీళ్ళు, అటు బట్టల నీళ్ళు, రెండూ ఎప్పటిలాగే వచ్చి ఒక గుంటలో కలుస్తున్నాయి, ఆ గుంట పూడింది, పూడిక తీయాలంటే మూత తీయాలి, మూత తీయాలంటే దాని మీద అన్నదమ్ములు నిలబెట్టిన గోడ ఉంది. ఇటు సగం ఇనుము, అటు సగం ఇనుము. ఎవరి సగం వాళ్ళు ఎంత లాగినా రాదు. చదరంగం బల్ల, పావులు. సాయంత్రం బిల్డర్ వచ్చేసరికి మొగుడికి ఏం చూపించాలి? నీలం చూపిస్తే అక్క పోతుంది, ఏమీ చూపించకపోతే ఇల్లు పోతుంది. పచ్చ చూపిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. అన్నదమ్ములిద్దరినీ తీసుకొచ్చి ఈ పచ్చనీళ్ళ ముందు నిలబెడితే, ముందు ఇందులో ఎవరి రంగు ఎక్కువుందని టేపు తెస్తారు.

"అక్కా, అడుగున నాలుగు వరసల ఇటుకలు తీస్తే చాలు. మూత పైకొస్తుంది."

"ఎవరిని అడగాలి?" అని అటునుంచి వచ్చింది. అడుగుతున్నట్టు లేదు. ఆ గొంతులో పెదాలు మూసుకున్న నవ్వు ఉంది. కావాలనే అడుగుతోంది.

ఈమెకు మేకు గుర్తొచ్చింది, మేకు చుట్టూ ఎర్రటి వేలిముద్ర. "అడగడమేంటి పిచ్చిమొహమా," అంది. అన్నాక నాలుక కరుచుకుంది. అక్కను అలా అనొచ్చా? "నీ దగ్గర గునపం ఉందా?"

నువ్వు అనేసింది. ఎవరు ముందు అన్నారో ఈసారి తేలిపోయింది.

"ఉంది. నీ దగ్గర?"

"సుత్తి ఉంది. మేకులవి."

"దాంతో గోడ ఏం పడుతుందే, గోరింత కూడా ఊడదు. సర్లే, నువ్వు దాంతో తట్టి చోటు చూపించు, నేను పొడుస్తా. పక్కకి జరుగు, నీ కాలి మీద పడుతుంది."

జరిగింది. జరిగి, అలవాటు కొద్దీ, ఇంకొక్కటి అనుమానించింది. అక్క నిజంగా కొడుతుందా? లేక నేను ముందు సుత్తి ఎత్తితే, చూడండి గోడ పగలగొడుతోంది అని పైకి వెళ్ళి బావగారిని పిలుస్తుందా? మూత వైపు చూసింది. పచ్చనీళ్ళు ఇప్పుడు ఆమె పాదాల్ని తాకుతున్నాయి. సుత్తి ఎత్తింది. ఎత్తి, దించకుండా పట్టుకుంది. అటునుంచి దెబ్బ పడింది. సున్నం పెచ్చులు ఊడాయి, ఆమె జుట్టు మీద తెల్లగా రాలాయి. రెండో దెబ్బకు ఇటుక ఒకటి కదిలి ఇటువైపు ముందుకు జరిగింది, కన్నం పడింది. అందులోంచి ముందు టార్చి వెలుగు వచ్చింది, తర్వాత ఒక వేలు. గోటి నిండా పసుపుపచ్చ.

ఆ తర్వాత సాయంత్రం ఏం జరిగిందో, బిల్డర్ మెట్ల మీద నిలబడి ఏం చూశాడో, అన్నదమ్ములు ఆ కన్నానికి చెరోవైపు వంగి ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏమన్నారో మీరు ఊహించుకోగలరు. నాకు కావాల్సింది మీ సంగతి. మీ ఇంట్లో ఇలాంటి సగం మూత ఏ గోడ కింద ఉంది? ఎవరి బేసిన్‌లో ఏ రంగు పోసి వచ్చారు? అవతల కూర్చుని మీ రంగు కోసం ఎదురుచూసింది ఎవరు? రాయండి, దాచుకోకండి. నమ్ముతాను. ముందు కాస్త అనుమానిస్తాననుకోండి, ఆ తర్వాత నమ్ముతాను.